తొలకరి సీసా చుట్టూ చీమల మందు

సముద్రానికీ జహీరాబాద్‌కూ ఏం సంబంధమని నవ్వినవాళ్లందరితో పోట్లాడాను. వాన మీ ఇంటి నల్లాలోంచి వస్తోందా అని అడిగాను. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకునే నేను, నలభై ఎనిమిదో ఏట పరిశోధనలో చేరాను. మా గైడు మేడమ్ ఓడ మీద సముద్రపు గాలిని పడతారు. నేను మా మిద్దె మీద స్టాండుకు సీసా బిగించి తొలకరి వానను పట్టాలి.

నాతోనే ఉండే మా నాయినకు ఆ పని వివరంగా చెప్పాను. ఒకప్పుడు చేలల్లో చల్లిన పురుగుల మందు గాలిలో కలిసి సముద్రం చేరింది. ఏండ్ల తరబడి అక్కడే ఉండి, చల్లడం ఆగి గాలి తేటపడ్డాక, కొంచెం కొంచెంగా మళ్లీ గాలిలోకి లేస్తోంది. అది మన వానలో ఎంత ఉందో చూడాలి.

ఝరాసంగం దగ్గర మా కందిచేలో, పల్చటి గుడ్డసంచిలో తెల్లపొడి నింపి కర్రతో తడుతూ నడిచిన మనిషి ఆయన.

"నేను చల్లిందే తిరిగొస్తుందా బిడ్డా?"

దేశమంతా చల్లింది, నువ్వొక్కడివేనా అని కసిరాను. ఆ రోజు నుంచి సీసాకు కావలి ఆయనే.

తొలి వాన పడ్డ రోజు నాకు పరీక్షల డ్యూటీ. తడుస్తూ వచ్చి మిద్దె ఎక్కితే సీసా సగం నిండింది. స్టాండు కాళ్ల చుట్టూ మాత్రం తెల్లటి పొడి, చినుకులకు సీసా దాకా చింది ఉంది.

"చీమలెక్కుతున్నయని జర మందేసిన," అన్నాడు.

ఊరి నుంచి తెచ్చుకున్న పాత డబ్బా అది. వాసన చూడగానే తెలిసింది. నేను వానలో వెతుకుతున్న మందే.

నోటిదాకా పెద్ద మాటే వచ్చింది. ఆయన పొడి అంటిన చేతులను పంచెకు తుడుచుకోకుండా దూరంగా పట్టుకొని నిలబడ్డాడు, సీసాను ముట్టలేదని నాకు తెలియడానికి.

"ఖరాబైందా?"

"అయింది నాయినా. గిది గదే మందు."

తొలకరి కోసం ఇక ఏడాది ఆగాలి. ముందు ఆయన చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగాను. చేను నుంచి వస్తే మీ అమ్మ ఇట్లనే కడుగుతుండె అన్నాడు. తర్వాత మేడమ్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పి, నోట్‌బుక్‌లో రాశాను: మొదటి వాన పనికిరాదు, కారణం మా ఇంట్లోని చీమల మందు. నాయిన ప్రస్తావన తేలేదు. ఇన్నేండ్లు ఆ డబ్బా మూత తీసి చూడనిది నేనే.

మిద్దె కడిగి, మిగతా వానలనైనా పడదామని స్టాండును వేరే మూలకు మార్చాం. రెండో వానకు ముందు వెళ్లి చూస్తే దాని నాలుగు కాళ్లూ నాలుగు నీళ్ల గిన్నెల్లో ఉన్నాయి.

"మీ అమ్మ పాల అల్మారకు ఇట్లనే పెడుతుండె. గింత చదివినవ్, నీకు యాదికి రాలేదా?"

ఎవరితోనైనా వాదించే నేను, గిన్నెల్లో ఇంకొన్ని నీళ్లు పోశాను.