సగటుకి ఆకలి వేయదు

ఎవరు ఎంతసేపు ఆగారో తెలియనిదే వంతులాయనకు ముద్ద దిగదు. ఆ పేరు ఆఫీసువాళ్లు పెట్టింది. కంప్యూటరు లోపల పనులకు వంతులు పంచే పెద్దమనిషిలాంటి ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. దాని దగ్గర ఏ పని సిద్ధమయ్యాక ఎంతసేపు పడిగాపులు పడిందో కొలవడం ఈయన ఉద్యోగం. ఇంటికొచ్చాక మానెయ్యమంటే ఆయన వశం కాదు.

కొత్త కోడలికి మొదట్లో నవ్వొచ్చేది. స్నానాల గది ముందు నిలబడితే మావగారు గడియారం చూసుకుంటూ, "లేచినప్పటి నుంచా, తువ్వాలు భుజాన వేసుకున్నప్పటి నుంచా?" అని అడిగేవారు. సిద్ధమైన క్షణం నుంచే లెక్కట, నిద్రపోయిన కాలం ఎదురుచూపు కిందికి రాదట. డాక్టరు దగ్గర కూడా తన వంతు వెనకవాళ్లకిచ్చి, జ్వరం తగ్గాక తిరిగొస్తారని అత్తగారు విసుక్కునేవారు.

సాయంత్రాలు ఆయన గదిలో తెర మీద రంగు గీతలు మెల్లగా కదిలేవి. కిటికీ అవతల వాన, ఇవతల ఆ గీతలు. టీ ఇవ్వడానికి వెళ్లిన కోడలు కలలో ఉన్నట్టు నిలబడిపోయేది. ఒకసారి ఆయన ఓ పొడవాటి గీత చూపించారు, ఒక చిన్న పని ఆగిన కాలమట అది. సగటు బాగుందని ఆఫీసులో అందరూ మురిసిపోతున్నారట, ఈ చిన్న పనిని మాత్రం పెద్దవి తోసుకుపోతున్నాయట.

"సగటుకి ఆకలి వేయదమ్మా. ఆగినదానికే వేస్తుంది," అన్నారు.

ఆ ఇంట్లో అందరూ గలగలా మాట్లాడేవాళ్లే. ఆమె నోరు తెరిచేలోపు మాట ఇంకొకరి చేతిలోకి వెళ్లిపోయేది. ఒక రోజు మధ్యాహ్నం ఆమెకు ఉద్యోగం వచ్చినట్టు కబురొచ్చింది. కొండ మీది వేధశాలలో రాత్రిళ్లు ఆకాశాన్ని గమనించే పని. చేరేదీ లేనిదీ తెల్లారేలోగా చెప్పాలి. భర్తతో అందామంటే అతను ఇంటికొచ్చింది మొదలు కొత్త సోఫా సంగతే.

ఆ రాత్రి భోజనాలకు కూర్చోగానే మావగారు, "ఉప్పు ఇటు," అన్నారు. ఎవరూ వినలేదు. సోఫా రంగు మీద భర్తకూ మరిదికీ అత్తగారికీ యుద్ధం నడుస్తోంది. ఆమె, "నాకు..." అంది. నీలం గెలిచింది. మళ్లీ, "నేను..." అంది. ఆకుపచ్చ తిరగబడింది. ఆమె ఇక ఉద్యోగానికి రానని రాసేద్దామనుకుంది.

మావగారు చెంచాతో గ్లాసు మీద కొట్టారు.

"ఈ బల్ల దగ్గర ఒక పని సిద్ధమై చాలాసేపైంది. దాన్ని తోసుకుని ఇంకెవరూ వెళ్లకూడదు."

మళ్లీ మొదలెట్టారని మరిది పకపకా నవ్వాడు. ఆయన చూపు మాత్రం కోడలి మీదే ఉంది. ఇన్నాళ్లూ ఈయన తన ఎదురుచూపునూ కొలుస్తూనే ఉన్నారని ఆమెకు అప్పుడు తెలిసింది. ప్రాణం లేచొచ్చింది.

ఆమె చెప్పింది. గుండ్రటి కప్పు మెల్లగా తెరుచుకోవడం, ఆ చీకటి, ఆ చుక్కలు, అన్నీ తీరిగ్గా చెప్పింది. సోఫా ఎటుపోయిందో ఎవరికీ గుర్తులేదు. ఇంత సంగతి కడుపులో పెట్టుకుని ఎలా కూర్చున్నావని భర్త ఆశ్చర్యపోయి, వస్తున్నానని ఇప్పుడే రాసెయ్యమన్నాడు. కొండ మీద చలి చంపేస్తుందంటూ అత్తగారు ఎంగిలి చేత్తోనే స్వెట్టరు వెతకడానికి లేచారు.

కోడలు ఉప్పుగిన్నె తెచ్చి మావగారి ముందు పెట్టింది.

"ఇప్పుడు మీ వంతు, మావయ్యగారూ."

ఆయన కంచం అప్పటికే ఖాళీ. అయినా చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, "సరిపోయింది," అన్నారు.