కువైట్ పిన్నికి యురేనియం పాఠం

మా పిన్ని కువైట్‌లో ఒకరింట్లో వంటపని చేసేది. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆమె సెలవు మీద మండపేట వచ్చేసరికి పేపర్లన్నీ ఇరాన్ యురేనియం గురించే రాస్తున్నాయి. ఆదివారం చర్చి దగ్గర ఎవరో, "మీ కువైట్‌కి నీళ్లవతలే కదండీ ఇరాన్! బాంబు చేసేస్తున్నారంట" అన్నారు. పిన్ని హడలిపోయింది. తిరుగు టికెట్టు చేతిలో ఉంది. వెళ్లాలో మానాలో తేలక నా దగ్గరకు వచ్చింది.

"ఫిజిక్స్ చెప్తావు కదే. బాంబు చెయ్యడానికి వాళ్లకి ఎన్నాళ్లు పడుతుందేంటి?"

జూనియర్ కాలేజీలో నా పాఠం వినేవి నిద్రమొహాలు. అడిగి మరీ వినేవాళ్లు దొరకడం అపురూపం. పైగా ఆ ప్రశ్న నన్నూ తొలిచేస్తోంది. ఒక పేపరు ఇంకెంతో దూరం లేదంటుంది, ఇంకోటి ఏళ్లు పడుతుందంటుంది. ఎక్కడో కూర్చుని ఈ లెక్క ఎలా కడతారు?

"గనిలో దొరికే యురేనియంలో బాంబుకు పనికొచ్చే రకం నూటికి ఒక పాలు కూడా ఉండదు పిన్నీ. యంత్రాల్లో గిర్రున తిప్పుతూ, ఒకదాన్నుంచి ఇంకోదానికి పంపుతూ, కొంచెం కొంచెంగా వేరుచెయ్యాలి. రైసుమిల్లు ఎంత ఆడుతుందో ఎలా చెప్తాం? యంత్రాలెన్ని, ఆగకుండా ఎంతసేపు తిరుగుతాయి అని చూస్తాం కదా! ఇదీ అంతే."

పిన్ని చిక్కుడుకాయలు తుంచడం ఆపింది. "మరి ముందే సగం ఆడించి గోడౌన్లో పెట్టుకుంటేనో?"

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అసలు కిటుకు అదే. చాకిరీ ఎక్కువగా మొదట్లోనే ఉంటుంది. కాస్త శుద్ధిచేసిన సరుకు దాచుకున్నవాళ్లకి చాలా దారి గడిచిపోయినట్టే. పూర్తిగా శుద్ధయ్యాక ఆ సరుకుతో బాంబు తయారుచెయ్యడం మళ్లీ వేరే పని. అయినా ఇదంతా ఈరోజే మొదలుపెడితే అన్న లెక్క. మొదలుపెడతారో లేదో యంత్రాలు చెప్పవు. ఇలా వాగుతూనే ఉన్నాను, పొయ్యి మీద పప్పు అడుగంటింది.

"అయితే వెళ్లొచ్చంటావా?"

"రేపో ఎల్లుండో జరిగేది కాదు పిన్నీ. తేడా వస్తే వచ్చేద్దువుగాని. అవునూ, అక్కణ్ణుంచి బయల్దేరాలంటే నీకెన్నాళ్లు పడుతుంది?" లెక్కల ఊపులో హుషారుగానే అడిగాను.

"దిగగానే పాస్‌పోర్టు మేడం తీసుకుని బీరువాలో పెట్టేస్తుందే. ఆవిడ ఎప్పుడిస్తే అప్పుడే," అంది పిన్ని, చిక్కుడుకాయ ఈనె తీస్తూ.

ఆ బీరువా తాళం నేను కట్టిన లెక్కలో లేనేలేదు. వారం తిరక్కుండానే ఆమె ధైర్యంగా విమానం ఎక్కింది. భయం నాకు పట్టుకుంది.