బల్లి పలికిన వేళ తెగిన రిబ్బను

నిన్న పొద్దున తిరగమోత పెడుతూ, ఈ ఏడు వానలు బాగా పడతాయిలే అని మనవరాలితో అన్నానో లేదో, ట్యూబులైటు వెనకనుంచి బల్లి టిక్‌టిక్‌మని పలికింది. అన్న మాట నిజమవుతుందని వెంటనే వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి కృష్ణా కృష్ణా అనుకోవడం మన తరంలో చాలామందికి ఇంకా పోని అలవాటే కదా! నా చెయ్యీ లేచింది, కానీ వంటగట్టుకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఎందుకు ఆపావు అవ్వా అని పిల్ల అడిగింది. చెప్పడం మొదలుపెట్టగానే నాకు మళ్లీ ఇరవై రెండేళ్లు వచ్చినంత హుషారు పుట్టింది, కూర కాస్తా అడుగంటింది.

అప్పట్లో నేను బళ్ళారిలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో తాత్కాలిక టెక్నీషియన్ని. మాది తెక్కలకోట, మా అమ్మ వరినాట్లకు కూలికి పోయే మనిషి, ఇంటిల్లిపాదిలో నీడపట్టున కూర్చుని పనిచేసే మొదటిదాన్ని నేనే. మా సారు బల్లి వాసన పట్టే తీరు మీద పరిశోధన చేసేవారు. బల్లికి ముక్కు ఒక్కటే కాదండీ! నోటి పైకప్పులో, ముక్కు అడుగున, ఆవగింజలో సగం కూడా ఉండని జంట సంచులు ఉంటాయి, బల్లి నాలుకతో గోడను నాకినప్పుడల్లా అక్కడి వాసన సన్నని నాళం గుండా వాటిలోకి చేరుతుంది. కంటినీటి గొట్టం కూడా వచ్చి ఆ నాళంలోనే కలుస్తుందని సారు చెబితే, కన్నీటికీ వాసనకూ ఇదేం చుట్టరికమో అని నేను నోరు తెరిచాను. మన ఇంటి గోడమీది బల్లిలో అది సరిగ్గా ఎక్కడ కలుస్తుందో కళ్లారా చూడాలన్నది ఆయన పంతం.

అందుకు తలను ముందు యాసిడ్‌లో నానబెట్టి ఎముకను మెత్తబరచాలి, తర్వాత మైనంలో పోతపోసి, మైక్రోటోమ్ అనే చక్రం తిప్పే కత్తి యంత్రం మీద ఉల్లిపొరకన్నా పల్చగా కొయ్యాలి. పొరలు ఒకదాని అంచుకొకటి అతుక్కుని రిబ్బనులా వస్తాయి, ఆ వరసలో నాలుగు పోయినా నాళం దారి మనకు తెలియకుండా పోతుంది. అప్పటికే రెండు తలలు ఎముక సరిగా నానక చిరిగిపోయాయి. మూడోదే ఆఖరుది, ఇంకో ప్రాణం తీయనని సారు తేల్చి చెప్పేశారు. అది కూడా చెడితే ఆ పరిశోధన ఆగుతుంది, నేను మళ్లీ తెక్కలకోట బస్సెక్కి నాట్లకు పోవాలి.

బళ్ళారి ఎండల సంగతి మీకు చెప్పాలా? తొమ్మిదయ్యేసరికి మైనం జిడ్డుకట్టి కత్తికి అంటుకుంటుంది, కాబట్టి కోత తెల్లవారుతూనే మొదలవ్వాలి. మా అటెండరు మామది తారానగర్. నాకు వరసకు ఏమీ కాకపోయినా మామా అనే పిలిచేదాన్ని. సోడా కొట్టునుంచి టిఫిను గిన్నెలో ఐసు తెచ్చి మైనం దిమ్మను చల్లబరిచేవాడు. పొరలు ఎగిరిపోతాయని ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు, కిటికీలు తీయనిచ్చేవాడు కాదు.

ఆ రోజు కత్తి ఏ దేవుడి దయవల్లో వెన్నలో దిగినట్టు దిగింది. రిబ్బను జానెడు దాటింది. సరిగ్గా నాళం మొదలయ్యే చోటికి వచ్చాం. మామ ముఖం వెలిగిపోయి, "ఇది తెగకుండా వచ్చిందంటే సారు నిన్ను యాడికీ పంపడు పాపా, ఈ పని నీదే" అన్నాడు. అనీ అనకముందే గోడమీద బల్లి పలికింది. ఆ సంతోషంలో నా చెయ్యి ఆగుతుందా! టకటకటకమని బల్ల మీద మూడు దెబ్బలు కొట్టాను. బల్ల అదిరింది, రిబ్బను కొస తెగి, ఆరు పొరల ముక్క ఎటో ఎగిరిపోయింది.

కోస్తున్నది బల్లి తల, పలికింది బల్లి, చెడగొట్టింది నేను.

"కదలద్దు! కాలు యాడుండాదో ఆడనే పెట్టు" అని మామ కేకేశాడు. నేను ఉన్నచోటే నిలబడ్డాను. యాభై ఏళ్లు దాటిన ఆ మనిషి నేలకు చెంప ఆనించి పడుకుని, కిటికీ వెలుతురుకు ఎదురుగా చూస్తూ గచ్చంతా పాకాడు. మైనం ఎక్కడున్నా మెరుస్తుందని ఆయన లెక్క. చివరికి నా చీర కుచ్చెళ్ల మీదే దొరికింది! తడి కుంచె కొసతో ఊపిరి బిగబట్టి ఎత్తాడు. ఏ కొస ముందుదో తెలియాలి కదా, అందుకే దిమ్మకు ఒక అంచు పొట్టిగా చెక్కిపెట్టే అలవాటు ఆయనది. ప్రతి పొరకూ ఒకే పక్కన పడిన ఆ పొట్టి అంచే మాకు వరస చెప్పింది.

రంగులద్ది స్లైడ్లు సారు ముందు పెట్టి, జరిగింది దాచకుండా చెప్పేశాను. ఆయన మైక్రోస్కోపులోకి వంగారు. ఎంతసేపటికీ తల ఎత్తరే! చివరికి "సిక్తు, సిక్తు!" అని ఆయన కన్నడంలో దొరికింది దొరికిందని అరిచారు. నన్ను పిలిచి చూపించారు. గులాబి, ఊదా రంగుల్లో అర్ధచంద్రంలా ఒక గది, అదే ఆ వాసన సంచి, దాని అడుగునుంచి పుట్టగొడుగులా లేచిన దిబ్బ, పైన జొన్నకంకి గింజల్లా బారులు తీరిన కణాలు. ఆ దిగువన, తెగి ఎగిరిన ఆరు పొరల్లో నాలుగోదానిలో, కంటినీటి గొట్టం వచ్చి నాళంలో కలుస్తోంది. నేను గంతులు వేయబోతే మామ నా భుజం పట్టుకుని బల్లకు దూరంగా జరిపాడు. మరుసటేడు నా ఉద్యోగం ఖాయమైంది. పదవీ విరమణ దాకా బల్లి ఎన్నిసార్లు పలికినా నేను మళ్లీ బల్ల కొట్టలేదు.

ఇప్పుడక్కడ బల్లులను కోయరట, పిల్లలు తెరమీద బొమ్మను అటూ ఇటూ తిప్పి చూస్తారట. బల్లుల తరఫున నాకు సంతోషమే. కానీ ఆరు పొరల కోసం చెంప నేలకానించి పాకే మనిషిని ఆ తెర ఎక్కడ చూపిస్తుంది? మామ పోయి చాలా ఏళ్లయింది. అలాంటి మనిషి మళ్లీ పుట్టడే పిల్లా, అన్నాను మాడిన కూర దించుతూ.

ట్యూబులైటు వెనక బల్లి మళ్లీ పలికింది. మనవరాలు నా చెయ్యి వైపే చూస్తోంది. ఇప్పుడు నా ముందు తెగిపోవడానికి రిబ్బను లేదు. గట్టును మూడుసార్లు, నొప్పి పుట్టేలా కొట్టాను.