పచ్చ అంటే ఏ పచ్చ

లలితమ్మకు చిన్నప్పటి నుంచీ పిట్టలంటే ప్రాణమని ఎవరైనా చెబితే నమ్మకండి. చిన్నప్పుడు ఆమెకు పిట్ట అంటే ఎండబోసిన వడ్లు తినిపోయేది, అంతే. మొగుడి ముఖం సరిగ్గా గుర్తుపెట్టుకునే లోపే అతను కలరాకు పోయాడు. బొట్టు తీయించుకుని బాన్సువాడలో అన్న కాశీరాం ఇంటికి చేరింది. పిట్టలు ఆమె చేతికొచ్చింది ఆ తర్వాతే.

కాశీరాం ఫోటోలు తీసేవాడు. నిజాంసాగర్ కాలువలొచ్చి చుట్టుపక్కల పొలాలు వరికీ చెరుకుకూ మళ్లిన రోజులవి. గింజలు ఇంటికి రాగానే జనానికి ఫోటో దిగాలన్న సరదా కూడా వచ్చింది. ఫోటోలేమో నలుపూ తెలుపూ. పెళ్లికూతురి చీరకు ఎరుపు కావాలంటే కుంచెతో అద్దాల్సిందే. ఆ పని కాశీరాంకు చేతకాదు. అతని వేళ్లు లావు, ఓపిక సన్నం. ఒకనాడు అతని భార్య శారదమ్మ ఆ కుంచె తెచ్చి ఆడబిడ్డ చేతిలో పెట్టి, బియ్యంలో మట్టిగడ్డలు ఏరే కళ్లకు ఇదెంత పని అంది. వదినా ఆడబిడ్డలంటే ఉప్పూ నిప్పూ అని లోకం అంటుంది. లోకానికేం, ఎన్నైనా అంటుంది.

తడి దూదితో కాగితాన్ని మెత్తపరిచి, పలుచటి రంగు ఒక పొర వేసి, అది ఆరాక ఇంకో పొర వేసేది లలితమ్మ. ఫోటో పడిన గాజు ప్లేటును కిటికీ వెలుతురుకు పెట్టి, పిట్టకు అడ్డమొచ్చిన పుల్లను పెన్సిలు మొనతో మాయం చేయడం కూడా నేర్చుకుంది. ఆ ఇంట్లో తినే ముద్దకు తానూ ఏదో చేస్తున్నానన్న ధీమా ఆ కుంచెతోనే వచ్చింది. అది పోతే ఇక ఆమెకు మిగిలేది వంటింటి మూలే.

కాలువల ఓవర్సీరు హరనాథబాబుకు పిట్టల పిచ్చి. ఈ చుట్టుపక్కల ఎగిరే రంగురంగుల పిట్టలన్నీ తన బంగళా గోడల మీద ఉండాలన్నాడు. కాశీరాం ఎడ్లబండి తోలే ఫూల్‌సింగ్ చేత బండి కట్టించుకుని మంజీర ఒడ్డుకు పోయేవాడు. మోదుగ కొమ్మలతో దడి కట్టి, దాని వెనక కెమెరా నిలబెట్టి, గూటి మీదికి పిట్ట వచ్చేదాకా కదలకుండా కూర్చునేవాడు. ఇంటికొచ్చాక ఏ పిట్టకు ఏ రంగో నోటితో చెబితే, లలితమ్మ విని వేసేది. ఆమె ఆ పిట్టల్లో చాలావాటిని చూసిందే లేదు.

ఎట్లా చూస్తుంది? అన్న బండెక్కే వేళకు వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకునేది. పని మీద పోయేవాడికి మొగుడు పోయిన ఆడది ఎదురు రాకూడదు కదా! పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమనీ ఎవరూ అనలేదు. ప్లేటు చెడిపోయిన రోజున మాత్రం కాశీరాం, పొద్దున్నే ఎవరి ముఖం చూశానోనని గొణిగేవాడు. ఆ మాట గోడ దాటి వచ్చి లలితమ్మకే తగిలేది.

అట్లాంటి రోజుల్లోనే ఒక కొత్త పిట్ట ఫోటో వచ్చింది. ఒళ్లంతా పచ్చ, రెక్కలు నలుపు అని చెప్పి కాశీరాం చలిజ్వరంతో మంచమెక్కాడు. లలితమ్మ పొర మీద పొర వేసి, లేత వరినారు రంగులో పిట్టను ముస్తాబు చేసింది. కంటి పక్కన నల్లటి గీత ఉంటే నీడేమో అనుకుని ముందే ప్లేటు మీద పెన్సిలుతో అదీ చెరిపేసింది. అన్న చూడకుండానే ఫోటో ఓవర్సీరు బంగళాకు పోయింది.

మర్నాడే ఫూల్‌సింగ్ చేతికిచ్చి వెనక్కి పంపాడు హరనాథబాబు. చిలకకు నల్ల రెక్కలు ఎప్పుడు మొలిచాయని అడగమన్నాడట. పిట్టను కళ్లారా చూసినవాడే రంగు వేయాలి, లేకుంటే మిగతావి తనకొద్దన్నాడట.

ఆ పిట్ట పచ్చ, పసుపు పచ్చ. తప్పెవరిదని అడిగితే మన తెలుగుదే అనాలి. గడ్డీ పచ్చే, పసుపూ పచ్చే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటాం, ఏ పచ్చో సామెత కూడా చెప్పదు.

కాశీరాంకు తల కొట్టేసినట్టయింది. ఇకమీద పిట్టల ఫోటోలు రంగులకు పట్నం పంపుతానన్నాడు. లలితమ్మ కుంచెలు కడిగి గోడ గూట్లో పెట్టేసింది. శారదమ్మ ఊరుకోలేదు.

"పట్నపోడు మటుకు చూసిండా గా పిట్టను?" అంది మొగుడితో. "చూసినోళ్లే ఎయ్యాలంటే లలితను తోల్కపో."

పని మీద పోతూ దాన్ని ఎట్లా వెంటేసుకుపోతాం, ప్లేటు చెడితే ఆ పాపం ఎవరిదని కాశీరాం నసిగాడు.

"చెడితే చెడనీ. ఎవల మొకం చూస్తున్ననో అని పిట్టకేమన్న ఫికరా?" అంది శారదమ్మ.

కాశీరాం జ్వరం తగ్గిన తెల్లారి శారదమ్మే లలితమ్మ చేయి పట్టుకుని బండెక్కించి పక్కన కూర్చుంది. ఫూల్‌సింగ్ వాళ్ల కింద ఇంత గడ్డి పరిచాడు. బజారులో ఎదురొచ్చినవాళ్లు ఒకరిద్దరు ఆగి పక్కకు తిరిగారు. లలితమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని దారంతా ఒక్కటే మొక్కుకుంది, ఈ ఒక్క ప్లేటు మంచిగా రావాలని. ఇది చెడిందా, మళ్లీ ఇంటి గడప దాటేది లేదని ఆమెకు తెలుసు.

దడి వెనక కూర్చున్నారు. ముందు ఈల వినపడింది. తర్వాత ఆకుల్లోంచి పిట్ట వచ్చి గూటి అంచున వాలింది. పసుపులా ఉందనుకుంది, కాదు. తంగేడు పువ్వులా ఉందనుకుంది, అదీ కాదు. కంటి పక్కన తాను చెరిపేసిన గీత కాటుక దిద్దినట్టు నల్లగా ఉంది. ఇంత అందమైనదాన్ని పచ్చగడ్డిలో ముంచానా అని లలితమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వదిన చేతిని గట్టిగా పట్టుకుంది. కాశీరాం ఫోటో తీసే రబ్బరు బుడ్డి నొక్కాడు.

ఇంటికి రాగానే అతను ప్లేటు తీసుకుని చీకటి గదిలోకి పోయాడు. లలితమ్మ తలుపు బయట నిలబడింది. చాలాసేపటికి అతను తడి ప్లేటుతో బయటికొచ్చి, చెల్లెలి చేతికిచ్చాడు. పిట్ట ఉన్నచోట ఒక మరక. ప్లేటు చెడింది. లలితమ్మ దాన్ని తిరిగిచ్చి వంటింటి వైపు నడిచింది.

"లలితా, ఎటు పోతున్నవ్?" అన్నాడు కాశీరాం. "నా చెయ్యి వణికింది. కెమెరా కదిలింది. తప్పు నాదే. రేపు మళ్ల పోదాం, నువ్వు సుత రావాలె."

హరనాథబాబు గోడలు నిండేదాకా ఆమె ప్రతిసారీ ఆ బండెక్కింది. కళ్లారా చూసిన రంగులే వేసింది. బండెక్కించిన వదినను తలుచుకోకుండా ఒక్క పూట అన్నం తినలేదు. అన్నతో మాత్రం ఒక మాట ఎన్నడూ అనలేదు. ప్లేట్లు చదవడం తెలిసిన మనిషి ఆమె. ఆ రోజు ప్లేటులో గూడు చెక్కుచెదరలేదు, ఆకు ఈనె కూడా స్పష్టంగా ఉంది. కెమెరా కదిలితే అవన్నీ కదలాలి. కదిలింది ఒక్క పిట్టే. అన్న అబద్ధమాడాడు. ఆ అబద్ధానికి లలితమ్మ బతికినన్నాళ్లూ మనసులోనే దండం పెట్టుకుంది.