డాక్టర్ ఆంటీ కొండ దిగిన రోజు

పోయిన గురువారం పొద్దున పిల్లల లంచ్ బాక్సులు సర్దుతుంటే ఫోన్ మోగింది. పక్కింటి డాక్టర్ ఆంటీ వాళ్ళమ్మాయి. "అక్కా, అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది," అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. ముందురోజు సాయంత్రమేగా, ఆమె గరాజ్‌లో కూర్చుని సైకిల్ చైన్‌కి నూనె వేస్తుంటే చూశాను! ఆమెకి డెబ్బై మూడేళ్ళు.

ఆంటీ ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే డాక్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆ మర్నాడే సైకిల్ కొన్నారట. "ముప్ఫై ఏళ్ళు జనాన్ని నిద్రపుచ్చానమ్మా. ఇక లేపడమే నా డ్యూటీ," అంటూ శనివారం ఆరింటికల్లా మా బెల్ కొట్టేవారు. టైట్స్ మీద మోకాళ్ళ దాకా వదులు చుడీదార్ టాప్, హెల్మెట్ కింద బొట్టు, నడుముకి కట్టుకున్న సంచిలో జిప్‌లాక్ కవర్ నిండా పులిహోర. దారిలో ఆవులు కనిపిస్తే "ఏమ్మా, తిన్నారా?" అని పలకరించకుండా ముందుకి కదిలేవారు కాదు.

రెసెషన్ ఏడాది నా ఉద్యోగం పోయింది. కాలిఫోర్నియాలో మా ఊరు శాన్ రామన్‌లో తెలిసినవాళ్ళందరూ "ఇంటర్వ్యూలు ఎలా ఉన్నాయి?" అని అడిగేవారు. ఆంటీ మాత్రం "టైర్లలో గాలి ఉందా?" అనే అడిగేవారు. రెండు నెలలుగా పైజామాలోనే తిరుగుతున్న నన్ను జాలిపడి బయటికి లాగుతున్నారనుకున్నాను.

ఆ ఏప్రిల్‌లో ఒకరోజు, "రేపు డయాబ్లో కొండ చుట్టూ తిరిగొద్దాం. అరవై మైళ్ళే," అన్నారు.

"అరవై మైళ్ళేనా? ఆంటీ, నాకు మా డ్రైవ్‌వే ఎక్కితేనే ఆయాసం!"

"ఎక్కేటప్పుడు ఎక్కాలు చదువుకో. నేనదే చేస్తా."

పొద్దున్నే డాన్‌విల్ మీదుగా బయలుదేరి క్లేటన్ దాటేసరికి ఎండెక్కింది. అక్కణ్ణుంచి రోడ్డు సన్నబడి కొండలోకి దూరింది. ఇరుపక్కలా ఓక్ చెట్లు, వాటి కింద పచ్చగడ్డిలో నారింజరంగు పాపీ పూలు. ముందు ఆంటీ, వెనక రొప్పుతూ నేను. "పదమూడు నాలుగులు యాభై రెండు, పదమూడు అయిదులు అరవై అయిదు" అని ఆమె గొంతు మలుపుల మీదుగా వినిపించేది. ఆగితే మాత్రం ఊరుకునేవారు కాదు. "దిగితే మళ్ళీ ఎక్కడం కష్టం. మెల్లగానైనా సరే, తొక్కుతూనే ఉండు!" అలాగే తొక్కాను. పదిహేడో ఎక్కం సగంలో ఉండగా ఎత్తు అయిపోయింది.

పైన పార్కింగ్ దగ్గర పులిహోర తిన్నాం. నేను హెల్మెట్ పెట్టుకున్నా ఆంటీ లేవలేదు. తన హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని పట్టీని బిగిస్తూ, వదులు చేస్తూ కూర్చున్నారు.

"ఏమైంది ఆంటీ? షుగర్ తగ్గిందా?"

"కాదమ్మా. నాకు దిగడం రాదు."

నవ్వులాట అనుకున్నాను. కాదు. ఏడేళ్ళుగా ఆమె ఎక్కిన ప్రతి కొండ మీదా అంకుల్ కాఫీ ఫ్లాస్కుతో కారులో ఎదురుచూసేవారు. అది ప్రేమని మా వీధంతా ముచ్చటపడేవాళ్ళం. ప్రేమే. దాంతోపాటు కారు వెనక సైకిల్ తగిలించుకుని కిందికి దిగే ఏర్పాటు కూడా. ఆ వారమే ఆయనకి కంటి ఆపరేషన్ అయింది. డ్రైవ్ చేయకూడదు.

"ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డయల్ ఎప్పుడూ నా చేతిలో ఉండేది. దిగేటప్పుడు అంతా కొండ చేతిలో ఉంటుంది. భయం. పిల్లలకి కూడా చెప్పలేదు."

"మరెందుకొచ్చాం ఆంటీ?"

"పార్క్ పక్క వాలులో నువ్వు చేతులొదిలేసి దిగుతుంటే కిటికీలోంచి చూశా. నేర్పుతావేమో అని తీసుకొచ్చా."

నేను విశాఖలో పెరిగినదాన్ని. బీచ్ రోడ్డుకి దిగే వాలులే నా చిన్నతనం. ఈ విద్య ఎవరికైనా పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. అసలు ఆ రెండు నెలల్లో నేను ఎవరికైనా పనికొస్తానన్న మాటే మర్చిపోయాను. లేచి ఆమె సైకిల్ బ్రేకులు సరిచూశాను.

"ముందు చక్రాన్ని చూడకండి. మలుపు అవతలి రోడ్డుని చూడండి. బరువు వెనక్కి వేయండి. బ్రేకులు మలుపుకి ముందే, రెండూ కలిపి, మెత్తగా. నేను ముందుంటాను, నా వెనకే రండి."

"ఎక్కాలు చదవనా?"

"దిగేటప్పుడు వెనక నుంచి చదవండి!"

లివర్‌మోర్ వైపు దిగే ఆ రోడ్డు నిజంగానే నిట్టనిలువు. మూడుచోట్ల ఆగాం. రెండోచోట ఆమె కళ్ళు తుడుచుకుని, "ఇక నడుస్తానమ్మా" అన్నారు. నేను బతిమాలలేదు. నడుద్దామని నేనూ దిగాను. ఇరవై అడుగులు నడిచి ఆమే మళ్ళీ ఎక్కారు. "పదమూడు పదులు నూట ముప్ఫై! పదమూడు తొమ్ములు నూట పదిహేడు!" వెనక నుంచి కేక. అది మొదట ఏడుపులా ఉంది. తర్వాత్తర్వాత నవ్వులా మారింది.

నాకు ఆగస్టులో ఉద్యోగం దొరికింది. శనివారాలు మాత్రం ఆంటీవే. అంకుల్ ఆ తర్వాత కొండల మీదికి కారు తేలేదు. ఇంట్లోనే కూర్చుని కాఫీ కాచి ఉంచేవారు. పోయిన గురువారం ఫోన్‌లో ఈ సంగతంతా వాళ్ళమ్మాయికి చెప్పాను. "అమ్మకి భయమా?" అని, ఏడుపు మధ్యలో గట్టిగా నవ్వేసింది.

ఆరోజు కొండ కిందికి చేరాక నేను సైకిల్‌ని కంచెకి ఆనించి నీళ్ళు తాగుతున్నాను. ఆంటీ ఆగలేదు. సైకిల్ వెనక్కి తిప్పి, "ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా," అని దిగిన దారినే మళ్ళీ ఎక్కి చివరి మలుపు దాకా వెళ్ళారు. అక్కణ్ణుంచి ఒంటరిగా సైకిల్‌ని కిందికి వదిలారు. నేను ముందు లేను, వెనకా లేను. ఎర్ర చుడీదార్ చేతులు గాలికి బుడగల్లా ఉబ్బాయి. నోరు తెరుచుకుని ఉంది, ఎక్కాలు మాత్రం లేవు. "బ్రేక్ ఆంటీ, బ్రేక్!" అని అరిచాను. ఆమె నా ముందునుంచి, ఎర్రగా, ఆగకుండా సాగిపోయారు. నేను సీసా మూత పెట్టి సైకిలెక్కేసరికి, పచ్చటి మైదానం మధ్య తిన్నటి రోడ్డు మీద ఆమె అప్పటికే చాలా దూరంలో ఉన్నారు.