మూడో నెల దాటేవరకు

“మూడో నెల దాటేదాకా ఎవరితోనూ అనకమ్మాయ్. కడుపు నిలవకముందే నలుగురి నోళ్ళలో పడకూడదు,” అంది మా అత్తయ్య.

“మరి ఆయనకో?”

“వాడికి మాత్రం ఎక్కణ్ణించి చెప్తావే? ఆ ఫోన్ల కొట్లోంచేగా. బల్ల మీద కూర్చున్నవాళ్ళందరికీ చెవులే. వాడొక్కడికి చెప్పినా, రాజోలు మొత్తానికి చెప్పినా ఒకటే.”

అది నిజమే. తొంభైల చివర్లో నేను రాజోలు దగ్గర మా ఊళ్ళోనే ఒక ఎస్టీడీ బూత్‌లో పనిచేసేదాన్ని. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. రెండు నెలల సెలవు మీద వచ్చి వెళ్ళిన కొన్నాళ్ళకి నాకు నెల తప్పింది. ప్రతి శుక్రవారం ఆయన ఫోను ఆ బూత్‌కే వచ్చేది. ఊరివాళ్ళ ఫోన్లన్నీ కూడా అక్కడికే. అటునుంచి ఎవరో “ఫలానా వీధిలో మా అమ్మని పిలవండి, పావుగంటలో మళ్ళీ చేస్తాను” అని పెట్టేసేవారు. నేను పరుగున వెళ్ళి పిలుచుకురావాలి. బూత్ యజమానిని బాబాయిగారు అనేదాన్ని. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. ఆయన మీటరు దగ్గర కూర్చునేవారు, తిరగడమంతా నాది.

నాకు పందొమ్మిదో ఏటినుంచి షుగరు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఇన్సులిన్ ఇంజెక్షన్లు నేనే పొడుచుకునేదాన్ని. మేనత్త కొడుకు కాబట్టి ఆయన ఆ సంగతి తెలిసే చేసుకున్నారు. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది గానీ, మా శాఖా గ్రంథాలయంలో వైద్యం అరలో ఉన్న పుస్తకాలన్నీ నేను చదివినవే. కొన్నింటి అట్టలు ఊడిపోతే గోధుమ పిండి జిగురుతో అంటించింది కూడా నేనే. బల్ల మీద ఫోను కోసం కూర్చున్న ఆడవాళ్ళకి క్లోమం ఎక్కడుంటుందో, అది ఏం చేస్తుందో వేలితో గాలిలో గీసి చెప్పేదాన్ని. “మాకు డాక్టరమ్మ ఫోన్ల కొట్లోనే ఉందండి” అని మా వీధి చివరింటి పిన్నిగారు వేళాకోళం చేసేవారు. నాకది పొగడ్తలాగే వినిపించేది.

కడుపుతో ఉన్నానని తెలియగానే నేను చేసిన మొదటి పని గ్రంథాలయానికి వెళ్ళడం. షుగరు మీద లావుపాటి పుస్తకం ఒకటుంది. బిడ్డ గుండె, వెన్ను, మెదడు మొదటి ఎనిమిది వారాల్లోనే ఏర్పడతాయని, తల్లి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఆ ఏర్పడడంలోనే లోపం రావచ్చని, అసలు గర్భమే నిలవకపోవచ్చని అందులో ఉంది. వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాను. అప్పటికే ఆరో వారం. ఆ బిడ్డ కోసం నేను ఏదైనా చేయగలిగితే ఆ మిగిలిన రెండు వారాల్లోనే చేయాలి.

అమలాపురం వెళ్ళి లేడీ డాక్టరుకి చూపించుకుంటే సరిపోయేది. కానీ ఆ ఆసుపత్రి వరండాలో మా ఊరివాళ్ళు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. అక్కడ కనబడితే సాయంత్రానికల్లా ఊళ్ళో తెలిసిపోతుంది. మూడో నెల దాటాక వెళదామంది అత్తయ్య. మూడో నెల దాటాక వెళితే ఏం లాభమో ఆవిడకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. అయినా చెప్పి చూశాను. “మీ అమ్మ నిన్ను ఏ పుస్తకం చూసి కందే?” అంది.

అందుకని నా వైద్యం నేనే మొదలుపెట్టాను. పరీక్ష నాకు కొత్త కాదు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఇంకొంచెం, ఇటుక రంగు తిరిగితే బాగా ఉన్నట్టు. ఆ వారం పొద్దున కాచినా ఇటుకే, సాయంత్రం కాచినా ఇటుకే. నేను అన్నం తగ్గించాను. ఇన్సులిన్ రెండు యూనిట్లు పెంచాను. మళ్ళీ ఇటుక. మళ్ళీ రెండు పెంచాను. గొట్టాన్ని కిటికీ వెలుతురులో పెట్టి, నీలం కనబడుతుందేమోనని పట్టి పట్టి చూసేదాన్ని. నా బిడ్డ గుండె ఆ గొట్టంలో ఉన్నట్టే ఉండేది నాకు.

పొద్దున వేసుకున్న మందు మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. ఒంటిగంటకి అన్నం తినకపోతే చేతులు వణుకుతాయి. మామూలు రోజుల్లో ఫరవాలేదు. శుక్రవారం మాత్రం కువైట్‌లో సెలవు, అక్కడ నమాజుకి కొట్లు మూసేలోపు అందరూ ఫోన్లు చేసేది మనకి మధ్యాహ్నం వేళే. ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

“బాబాయిగారూ, శుక్రవారాలు ఒంటిగంటకి ఓ పావుగంట నన్ను వదిలేస్తారాండీ?”

“అదేంటమ్మా, ఆ పావుగంట కోసమేగా వారమంతా కొట్టు తెరిచి కూర్చునేది. నీరసంగా ఉంటే చెప్పు, ఇంకో అమ్మాయిని చూసుకుంటాను. కోపంతో కాదు సుమా.”

కారణం చెప్పుంటే ఒప్పుకునేవారే. ఆయన చెడ్డవారు కారు. నేను చెప్పలేదు.

మందు పెంచడం మొదలుపెట్టాక రెండో శుక్రవారం పిన్నిగారి అబ్బాయి ఫోను చేశాడు. అతను కువైట్‌లో మా ఆయన ఉండే గదిలోనే ఉంటాడు. నా అన్నం క్యారేజీ మూత కూడా తీయలేదు. వచ్చాక తిందాంలే అనుకుని కాలువ గట్టు వెంట పిన్నిగారింటికి పరుగెత్తాను. ఆవిడ గుమ్మం కనబడింది. తర్వాత ఆ గుమ్మం పక్కకి వంగింది. నేను అరుగు కింద ఉన్నాను.

“అయ్యయ్యో, ఏంటమ్మా ఈ చెమటలు! శుక్రవారం ఉపాసం గానీ ఉన్నావా?” పిన్నిగారి గొంతు.

“పంచదార నీళ్ళు తెస్తానుండండి,” అంది పక్కింటావిడ.

“ఆగవే తల్లీ! షుగరున్న మనిషది. తీపి విషమని తనే చెప్పింది నాకు. పంచదార పోసి చంపేస్తావా ఏంటి?”

“మరేం పొయ్యమంటారండీ?”

“మజ్జిగ పట్రా. ఉప్పేసి.”

నాకన్నీ వినిపిస్తున్నాయి. షుగరు పడిపోయినప్పుడు వెంటనే పంచదార ఇవ్వాలన్న వాక్యం ఏ పేజీలో, ఏ వైపున ఉందో కూడా కళ్ళకి కడుతోంది. నాలుక మాత్రం కదలడం లేదు. తీపి విషమని ఆవిడకి అన్నిసార్లు చెప్పాను గానీ, ఈ రెండో సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు. ఉప్పు మజ్జిగ నా గడ్డం మీదనుంచి మెడలోకి కారింది. పిన్నిగారు కొంగుతో తుడిచి, “తాగమ్మా, నా తల్లి కదూ” అంటున్నారు. ఆవిడ నాకు మేలే చేస్తున్నాననుకుంటున్నారు.

ఎవరు వెళ్ళి చెప్పారో, మా అత్తయ్య చెప్పుల్లేకుండా వచ్చింది.

“పంచదార పొయ్యండి! ముందు పంచదార పొయ్యండి!”

“షుగరు కదండీ వదినగారూ...”

“నాకు తెలుసండీ! కడుపుతో ఉన్న పిల్లండీ! డబ్బా ఎక్కడుందీ?”

తనే వంటింట్లోకి వెళ్ళి డబ్బా తెచ్చి, గుప్పెడు తీసి నా దవడ లోపల కుక్కింది. కాసేపటికి నేను లేచి కూర్చున్నాను. అప్పటికి అరుగు చుట్టూ వీధి సగం చేరింది. దాచవలసిందేమీ మిగల్లేదు.

మర్నాడే అమలాపురం వెళ్ళాం. స్కానింగులో గుండె కొట్టుకోవడం చూపించారు. మినుకుమినుకుమంటున్న చిన్న చుక్క. అత్తయ్య దండం పెట్టింది.

“మందు ఇంత పెంచమని ఎవరు చెప్పేరమ్మా?” అని అడిగారు డాక్టరుగారు.

“నేనేనండి. పుస్తకం చూసి.”

ఆవిడ కోప్పడలేదు. “కడుపుతో ఉన్నవాళ్ళకి రక్తంలో సరిగ్గా ఉన్నా మూత్రంలోకి దిగుతుందమ్మా. ఇప్పుడు ఆ రంగు నమ్మకూడదు. రక్తమే చూడాలి,” అని మందు తగ్గించి రాశారు.

ఇంటికొచ్చి పుస్తకం తిరగేశాను. ఆ మాట అందులోనూ ఉంది, ఇరవై పేజీల అవతల, అధ్యాయం చివర. ఎనిమిది వారాలన్న చోటే నేను భయపడి పుస్తకం మూసేసి, గొట్టం కాచడానికి లేచాను.

డాక్టరుగారు రమ్మన్నారని తర్వాత వారం, గురువారం, మళ్ళీ వెళ్ళాం. ఆవిడ స్కానింగు తెర చాలాసేపు చూశారు. ఆ చుక్క మినుకుమనడం లేదు.

“నేను పడిపోవడం వల్లేనాండీ?”

“అలా చెప్పలేమమ్మా. మొదటి వారాల్లో షుగరు ఎక్కువుండి ఉండచ్చు. ఏమీ లేకుండా కూడా పోతుంటాయి. శనివారం రా, శుభ్రం చేద్దాం.”

ఎక్కువ వల్లో, తక్కువ వల్లో, రెండూ కాదో. ఈ ప్రశ్నకి జవాబు కోసం ఆ తర్వాత చాలా చదివాను. దొరకలేదు.

మధ్యలో ఉన్నది శుక్రవారం. నేను బూత్‌కి వెళ్ళాను. ఆయన ఫోను వచ్చేది అక్కడికే కాబట్టి. బాబాయిగారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, “ఇవాళ నువ్వు కదలకమ్మా, పిలవడానికి నేను వెళ్తాను” అన్నారు. క్యారేజీ తెరిచి తినమన్నారు కూడా. గురువారం సంగతి ఆయనకి తెలియదు. బల్ల మీద ఉన్న ఎవరికీ తెలియదు. ఫోను మోగింది.

“ఏమేవ్! నా దగ్గరే దాస్తావా?” ఆయన గొంతు నిండా నవ్వు. “పిన్నిగారబ్బాయి చెప్పేడు. గదిలో అందరికీ ఖర్జూరాలు పంచేను. నిన్ను అక్కడ ఏ డాక్టరు చూస్తున్నారు? అమ్మ జాగ్రత్తగా చూస్తోందా?”

“ఆయ్.”

“ఆయ్ ఏంటి? మాట్లాడు.”

బల్ల మీద పిన్నిగారు నన్నే చూసి నవ్వుతున్నారు. నేను గోడవైపు తిరిగి, మెల్లిగా చెప్పాను.

“ఏంటీ? వినపడట్లేదు. లైను బాగోలేదు, గట్టిగా చెప్పు.”

మళ్ళీ చెప్పాను.

“గట్టిగా!”

“నిలవలేదండీ!” అని అరిచాను. “పోయిందండీ!”

అటువైపు గరగరమంటూ ఉంది. ఆయన ఏదో అన్నారు. ఈసారి నాకే వినబడలేదు. అంతలో లైను తెగిపోయింది.

పిన్నిగారు లేచి వచ్చి ఫోను పక్కన నిలబడ్డారు. “అక్కడ ఫోను కార్డులో డబ్బులు అయిపోయి ఉంటాయి. మళ్ళీ చేస్తాడు. లైను ఖాళీగా ఉంచండమ్మా,” అన్నారు. ఆ తర్వాత మూడుసార్లు మోగింది. మూడుసార్లూ ఆవిడే ఎత్తి, “ఇవాళ కుదరదు నాయనా, వచ్చేవారం చెయ్యి” అని పెట్టేశారు. వాటిలో ఒకటి బల్ల మీదున్న ఒకావిడ భర్తది. ఆవిడ ఫోను అందుకోవడానికి లేవలేదు. సాయంత్రం దాకా అందరూ అలాగే కూర్చున్నారు. ఆయన ఫోను రాలేదు.