మామ వాచీలో పసుపు

షాపు షట్టరు సగం ఎత్తానో లేదో ఫోను మోగింది. తిరుత్తణి నుంచి మా అత్త. "మే, మీ మామ పోయినాడు" అంది. ఏడవలేదు. "తిన్నె మీద కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉండాడు. కాపీ తీసుకోనొచ్చి పిలిస్తే పలకలే." నేను షట్టరు మళ్ళీ కిందికి లాగేసి తిరువళ్ళూరు స్టేషనుకు నడిచాను. ఆటో ఎక్కాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎన్నేళ్ళుగా ఆ లైనులో తిరుగుతున్నానో, ఎప్పుడూ దొరకని సీటు ఆ రోజే దొరకాలా!

ఆయన మా అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ. మీలో ఎవరికీ ఆయన తెలియకపోవచ్చు. కానీ మా వైపు నేసిన నూలు చీర ఎప్పుడైనా కట్టుకుని, అందులో చిలకపచ్చో మిరపపండు ఎరుపో మీ కంటికి హాయిగా అనిపించి ఉంటే, అది ఆయన చేతి రంగే కావచ్చు. తిరుత్తణి పక్కన మా నేతవాళ్ళ వీధికంతా నూలుకు రంగు అద్దింది ఆయనే. గోళ్ళల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు మిగిలిపోయి ఉండేది. పెళ్ళిళ్ళకు వస్తే సిగ్గుపడి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. "ఏం మామా, పందిట్లో ఏమన్నా ఎత్తేసినావా, చేతులు దాస్తా ఉండావు" అని మేమంతా ఏడిపించేవాళ్ళం.

ఆయన దగ్గర రెండు కట్టుబాట్లు ఉండేవి. రంగును ట్యూబులైటు కింద నమ్మకూడదు, వాకిట్లోకి తెచ్చి చూడాలి. అద్దిన నూలును ఎండలో వేయకూడదు, నీడలోనే ఆరాలి. "ఎండ రంగును తినేస్తాది మే. తిన్నెంక కక్కదు" అనేవాడు. తిరువళ్ళూరులో నేను పెట్టుకున్న మ్యాచింగ్ జాకెట్టు గుడ్డల షాపు ఈనాటికీ ఆయన మాట మీదే నడుస్తోంది. చీర తెచ్చిన ప్రతి ఆడమనిషినీ వీధిలోకి లాక్కెళ్ళి, చీర మీద గుడ్డ ఆనించి ఎండలో చూపిస్తాను. "ఏందక్కా, ఈ ఎండలో" అని విసుక్కుంటారు. విసుక్కోనీ. జత కుదరని జాకెట్టు తొడుక్కుని పెళ్ళిలో తిరిగేది వాళ్ళు, నేను కాదు.

అలాంటి మనిషికి ముసలితనంలో రంగుల వాచీ మీద మనసు పడింది. ఒకసారి నన్ను చూడ్డానికి తిరువళ్ళూరు వచ్చినప్పుడు ఇద్దరం బజారులో నడుస్తున్నాం. మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కకు చూస్తే మనిషి లేడు. వెనక్కి పోయి చూద్దును కదా, వాచీల షాపు అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఉన్నాడు. లోపల ఒక లావుపాటి స్టీలు వాచీ. నెమలికంఠం రంగు డయలు, అందులో మూడు చిన్న వలయాలు. ఒకటి పసుపు, ఒకటి నారింజ, ఒకటి చిలకపచ్చ. స్టాప్‌వాచీ కోసం పొడుగాటి ఎర్ర ముల్లు వేరే. "రోంత బయటికి తెచ్చి చూపించు నాయినా" అన్నాడు షాపతనితో. అంత ఖరీదైన వస్తువును వీధిలోకి ఎవడిస్తాడు? నేను పూచీ పడితే మెట్ల దాకా వచ్చి, చెయ్యి వదలకుండా చూపించాడు. మామ ఎండలో అటూ ఇటూ తిప్పించి, "పసుపు కుదిరింది. నారింజ దగ్గర తొందరపడినాడు, ఇంకో ముంచు ముంచాల్సింది" అని తీర్పు చెప్పి కొనేశాడు.

"మీ మామ రంగులరాట్నం కొనుక్కోనొచ్చినాడు, చూడండి రా" అని అత్త వీధివీధంతా పిలిచి చూపించి నవ్వింది.

తరువాత ఆయన చేసిన పని రంగులు అద్దేవాడు తప్ప భూమ్మీద ఇంకెవడూ చేయడు. అంత మంచి పసుపు ఎండకు ఎక్కడ వెలిసిపోతుందోనని, వాచీని పాత పంచె గుడ్డలో చుట్టి బీరువాలో పట్టుచీరల మధ్య దాచాడు. పెళ్ళికో కొండ మీద గుడికో మాత్రం తీసి పెట్టుకునేవాడు, అది కూడా చొక్కా చెయ్యి కిందికి దించి. కొన్ని నెలలకు అది కాస్తా ఆగిపోయింది. తిట్టుకుంటూ రైలెక్కి వచ్చి షాపతని ముందు పెట్టాడు. అతను ముందు బిత్తరపోయి, విషయం విన్నాక పడీపడీ నవ్వాడు. "అయ్యా, ఇది సోలార్. వెయిల్‌దాన్ ఇదుక్కు సాప్పాడు" అన్నాడు. ఎండే దీనికి అన్నం! మామ ముఖం అప్పుడు చూడాలి మీరు. నా షాపుకొచ్చి స్టూలు మీద కూలబడి, "బతుకంతా రంగును ఎండకు దాస్తినే! ఇదేంది మే, ఎండ లేకుంటే సస్తాదంట" అని కళ్ళల్లో నీళ్ళొచ్చేట్టు నవ్వాడు.

ఆ రోజు నుంచి చొక్కా చేతులు మోచేతి దాకా మడిచే తిరిగాడు. పొద్దున్నే తూర్పు తిన్నె మీద కూర్చుని, ఎడమ చెయ్యి ఎండలోకి చాపి, వాచీకి అన్నం పెట్టేవాడు. దాని గుణదోషాలు వచ్చినవాళ్ళందరికీ వినిపించేవాడు. బరువు ఎక్కువ, చెయ్యి దించితే మణికట్టు దాటి జారుతుంది, ముళ్ళు ఒకదానిమీద ఒకటి పడి గందరగోళం. "రంగులు చూస్తా ఉంటే టైము కనపడదు మే. టైము దప్ప అన్నీ చెప్తాది" అనేవాడు. ఎవరైనా టైము అడిగితే తలెత్తి సూర్యుణ్ణి చూసి చెప్పేవాడు. స్టాప్‌వాచీ మాత్రం తెగ నచ్చింది. నూలు కండెలు రంగునీళ్ళలో ముంచగానే మీట నొక్కి, ఎర్ర ముల్లు పరుగు చూస్తూ పక్కనే గొంతుక్కూర్చునేవాడు. అంతకుముందు వక్కాకు నమిలే లెక్క మీద నడిచిన పని అది. రంగు ఏమీ మారలేదని అత్త అంటుంది. ఆయన ఒప్పుకోలేదు.

ఒక ఆడి కృత్తికకు, కొండ మీద స్వామి పండుగకు, నేను వెళ్ళాను. కొండకు పోయే కావళ్ళు మా వీధి చివరగా పోతున్నాయి. మామ తిన్నె మీద కూర్చుని చాలాసేపు చూశాడు. "ఈ తూరి అందరూ తెల్లగుడ్డలే కట్టుకోనొచ్చినారే. పసుపు యాడ పాయె?" అన్నాడు.

వీధి నిండా పసుపే. అత్త నన్ను చూసింది, నేను అత్తను చూశాను. "ఉతికి ఉతికి వెలిసిపోయింటాయిలే" అంది అత్త. ఆయన సరే అన్నట్టు తలూపాడు.

తరువాత కొద్దిరోజులకే నా షాపుకొచ్చాడు. ముఖం కోపంతో కందిపోయి ఉంది. వాచీ విప్పి, పరిచిన జాకెట్టు గుడ్డల మీద పెట్టాడు.

"మోసం చేసినాడు మే ఆ షాపోడు. రంగు నిలిచేది గాదు. ఎండలో పెట్టు, ఎండలో పెట్టు అనె, పెడితి. చూడు, పసుపంతా వెలిసిపోయె. అడిగితే అట్లేం లేదంటాడు. వాడు యాపారస్తుడు, అట్లే అంటాడు. నువ్వు చెప్పు. నీకు కన్ను నేర్పించినోణ్ణి నేను."

వీధిలోకి తీసుకెళ్ళి చూశాను. పసుపు కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది, కొత్త పెళ్ళికూతురి తాళిబొట్టు తాడులాగా. నారింజా అంతే, చిలకపచ్చా అంతే. అత్తలాగా నేనూ ఏదో ఒకటి అనేసి ఉండొచ్చు. కానీ రంగు సంగతిలో ఆయన ఎదుట అబద్ధం ఆడటం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు, అత్తకు తప్ప.

"వెలిసిపోలేదు మామా. అట్లే ఉండాది" అన్నాను.

ఆయన వాచీని చూశాడు. తరువాత గోడ పొడుగునా పేర్చిన నా గుడ్డల వరసల వంక ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. "పసుపు?" అన్నాడు. ఉందన్నాను. "నారింజ?" ఉందన్నాను.

"అయితే సరి. వాచీ మంచిదే" అన్నాడు.

కొలికి పెట్టుకోబోతే వేళ్ళకు అందలేదు. నేనే పెట్టాను. చల్లగా, బరువుగా ఉంది. ఆ రోజు తెచ్చుకున్న కోపం తిరిగి తీసుకెళ్ళలేదాయన. దాని బదులు తన కంటి సంగతి తీసుకెళ్ళాడు.

కంటి డాక్టరు నరం ఎండిపోతోందన్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలుస్తుందేమో చూద్దాం అన్నాడు. మెట్లు దిగుతూ మామ నా భుజం పట్టుకుని, "నేను చెప్పలే? తిన్నెంక కక్కదు" అన్నాడు. రెండు రకాల చుక్కల మందు ఇచ్చారు. ఒకటి వేశాక అయిదు నిమిషాలు ఆగి రెండోది వేయాలి. స్టాప్‌వాచీకి అలా కొత్త పని దొరికింది. అత్త మొదటి చుక్క వేయగానే ఆయన మీట నొక్కేవాడు. ముల్లు ఆయనకు కనబడదు, నొక్కడం మాత్రం మానలేదు. "అయిందా?" అని అడిగేవాడు. "కాలే, ఉండు" అనేది అత్త.

మందు వల్ల ఏదో ఒరిగిందని మీకు చెప్పాలని నాకూ ఉంది. ఒరగలేదు. పసుపు తరువాత నారింజ పోయింది. ఆ తరువాత పచ్చ. కొన్నాళ్ళు డయల్లో నెమలికంఠం మాత్రం తెలుస్తోందన్నాడు, తరువాత ఆ మాటా మానేశాడు. రంగుతొట్లు బోర్లించేశారు. మగ్గాల వాళ్ళు ఇప్పుడు రంగు వేసిన నూలే బయట నుంచి తెచ్చుకుంటున్నారు, ఎవరికీ ఏ లోటూ లేదు. అదీ ఆయనకు తెలుసు. అయినా పొద్దున్నే తిన్నె మీద కూర్చుని చెయ్యి ఎండలోకి చాపడం తప్పలేదు. "ఇంకా దేనికి మామా, విప్పేసేయ్, బరువు" అన్నాను ఒకసారి.

"నాకు కనపడకపోతే దాని తప్పా మే? దాని కూడు దానికి పెట్టల్ల గదా" అన్నాడు.

పోయిన రోజు కూడా అదే పని. అత్త మొదటి చుక్క వేసింది, ఆయన మీట నొక్కాడు, అత్త కాఫీకి లోపలికి వెళ్ళింది. కాఫీతో పాటు రెండో సీసా కూడా పట్టుకునే వచ్చింది. నేను చేరేసరికి ఆయన్ని చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. వాచీ ఇంకా చేతికే ఉంది. ఎర్ర ముల్లు తిరుగుతూనే ఉంది, ఎవరూ ఆపలేదు. నేను ఆపాను. స్నానం చేయించే ముందు అత్త దాన్ని విప్పి, ఆయన పంచె గుడ్డలోనే చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఆర్నెల్ల మాసికానికి వెళ్ళినప్పుడు అత్త ఆ మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వు పెట్టుకో మే. కన్ను నేర్చుకున్నది నువ్వే గదా" అంది. విప్పి చూస్తే ఆగిపోయి ఉంది. మీట నొక్కితే ఎర్ర ముల్లు కదల్లేదు. తిన్నె మీద ఆయన కూర్చునే చోట, పొద్దుటి ఎండలో పెట్టాను. ఇద్దరం చెరో పక్కన కూర్చున్నాం. కాసేపటికి సెకండ్ల ముల్లు కదిలింది. సాఫీగా నడవలేదు. ఒక గెంతు గెంతి, ఆగి, మళ్ళీ గెంతుతోంది. కడుపులో ఏమీ లేనప్పుడు అది అలాగే నడుస్తుందని షాపతను అప్పుడెప్పుడో చెప్పాడు.

అత్త వంగి చూసింది. "పసుపు వెలిసిందా మే?"

"లేదత్తా. అట్లే ఉండాది."

"వెలిసిపోయింటే బాగుండు" అంది అత్త. "ఆయన చెప్పిందే నిజమయ్యుండేది."

ఎండ తిన్నె అంచు వైపు జరిగింది. అత్త వేలితో వాచీని ఎండలోకి నెట్టింది. మళ్ళీ జరిగింది, మళ్ళీ నెట్టింది. చివరికి తిన్నె అంచు వచ్చేసింది. ఎండ మెట్టు దిగి వీధిలోకి పోయింది. అత్త చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నీడలో ముల్లు ఇంకా గెంతుతోంది. పసుపు మాత్రం అలాగే మెరుస్తోంది.